చప్పట్లు ఆగేదాకా

నెల్లూరిలో ఏ వారం ఎక్కడ పాట ఉందో ఈతదిబ్బ వాళ్ళకు తెలియాలంటే ఆదివారం ఆరాధన ముగిసేదాకా ఆగాల్సిందే. ఆనందబాబు వచ్చేది అప్పుడే. ఊళ్ళో పంచాయతీ రేడియో ఉంది. అది మద్రాసులో ఎవరు పాడుతున్నారో చెబుతుంది, విజయవాడలో ఎవరు పాడుతున్నారో చెబుతుంది. బస్సెక్కి పోయి వినగలిగిన పాట సంగతి మాత్రం చెప్పదు. అది చెప్పేవాడు ఆనందబాబు ఒక్కడే. నెల్లూరు ట్రంకురోడ్డులో మైకుసెట్లు అద్దెకిచ్చే అంగట్లో అతనికి పని. ఏ పందిట్లో కచేరి జరిగినా మైకు కట్టేది తనే కాబట్టి, ఎవరు వస్తున్నారో, ఎవరు ఎగ్గొడతారో, ఎవరి గొంతు నిలిచిందో, ఎవరిది పోయిందో అతనికి ముందే తెలిసేది.

వెంకటాచలంలో బస్సు దిగి, అద్దె సైకిలు మీద కాలవ కట్ట వెంబడి దుమ్ము రేపుకుంటూ వచ్చి, చర్చి వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. నూనె రాసి దువ్విన తల, చేతికి గడియారం. చుట్టూ జనం మూగేవాళ్ళు.

"ఏమబ్బయా, ఈ వారం ఏడ?" అని చర్చి పాస్టరు కృపాదానం అయ్యగారే ముందు అడిగేవారు.

"మూలాపేటలో హరికథ ఉండాది అయ్యగారూ. పోవద్దు. ఆ దాసుకు పాట కంటే పట్టుపంచె మీదే ధ్యాస. బుధవారం రైలుకట్ట పక్కన బుర్రకథ. దానికి పోండి, ముందు వరసలో కూర్చోండి. పక్కన హాస్యం చెప్పేవాడు మీ పొట్ట చెక్కలు చేస్తాడు. సంతపేట మిల్లు దొడ్లో వాణీ గానసభ వాళ్ళ వేసవి కచేరీలు మొదలయినాయి, శనివారం శనివారం. ఈసారి నాగస్వరం. అది వదిలితే మాత్రం మీకు చెవులుండీ దండగ."

అతను పోవద్దన్నదానికి పోయి బాగుపడినవాడు లేడు. ముత్యాలయ్య ఒకసారి మాట వినకుండా పోయి, పాటా బాగాలేక, చెప్పులూ పోగొట్టుకుని, ఉత్తకాళ్ళతో తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఆనందబాబు మాట వేదవాక్కయింది.

ఈ మాటలన్నీ వసారా చివర గోడ వారగా నిలబడి వినే పిల్ల ఒకతె ఉండేది. పేరు కరుణాకుమారి. ఆనందబాబుకు మేనమామ కూతురు. తండ్రి లేడు. తల్లి ఎస్తేరమ్మతో కలిసి ఉప్పుమళ్ళలో పనికి పోయేది. ఎవరైనా పేరడిగితే, చెప్పమన్నట్టు పక్కవాళ్ళ వంక చూసే పిల్ల అది. కానీ ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆ పిల్లే. నాయనమ్మ రెబెక్కమ్మ బతికినన్నాళ్ళు ఆమె ఎత్తింది. ఆమె పోయాక మనవరాలికి వచ్చింది. వారమంతా మూసుకున్న నోరు ఆ ఒక్క పూట తెరుచుకునేది. తెరుచుకుంటే కాలవ మీద పోయే సరుగుడు కట్టెల పడవ వాళ్ళు కూడా గడ వేయడం ఆపేవాళ్ళు.

రెబెక్కమ్మ పాటలు పుస్తకాల్లో లేవు. ఆమె కట్టుకున్నవి. బైబిల్లో పసివాడు మోషేను బుట్టలో పెట్టి నీళ్ళలో వదిలిన కథను ఆమె తమ కాలవ మీదికే తెచ్చుకుంది. ఆ పాటలో బిడ్డ తల్లి ఉప్పుమళ్ళలో కూలికి పోయే మనిషి.

తుంగలో తుంగలో బుట్ట పోతా ఉండాది,
మెల్లగా పోవే కాలవ తల్లీ...

ఈ పాట మొదలయితే ఈతదిబ్బ చర్చిలో చేతులు ఊరుకోవు. ముసలీ ముతకా అంతా తాళానికి చప్పట్లు అందుకుంటారు. చప్పట్లు జోరందుకునే కొద్దీ పాడేవాళ్ళు చరణం మీద చరణం కలుపుతూ పోవాలి. రెబెక్కమ్మ మనవరాలికి నేర్పిన మొదటి పాఠం అదే. "జనం చప్పట్లు కొడతా ఉంటే పాట ఆపకూడదు మే. తినేవాడి ముందు ఆకు లాగేసినట్టు. వాళ్ళు ఆపినాకే నువ్వు ఆపాల."

ఆ వేసవిలో ఒక ఆదివారం ఆనందబాబు ఎస్తేరమ్మ ఇంటికి చద్దన్నానికి వచ్చి, గిన్నె ముందు కూర్చుని అన్నాడు.

"అత్తా, పెద్ద విద్వాంసులు ఎప్పుడూ ఆలీసంగానే వస్తారు. జనం కూడేదాకా ముందు పాటకు ఎవరో ఒకరు కావాలంటా ఉండాడు సభ సెక్రటరీ చెంచురామయ్య. మన కరుణను ఎక్కిస్తా."

"దీన్నా?" ఎస్తేరమ్మ నవ్వింది. "ఇది అంగట్లో ఉప్పు అడగాలన్నా నన్నే పొమ్మంటాది. అంతమంది మగోళ్ళ ముందర నిలబడతాదా?"

"మాట్లాడమంటే నిలబడదు. పాడమంటే నిలబడతాది. ఏమ్మే?"

కరుణాకుమారి తలుపు చాటు నుంచి నేల వంక చూస్తూ తల ఊపింది. నాయనమ్మ పాట మైకులో, నెల్లూరు అంతా వినేటట్టు! ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

ఆ రోజుకు ఆనందబాబు మనసులో చెడ్డ ఏమీ లేదు. ఆ మాట చెప్పుకోవాలి. ముందు పాటకు మనిషి దొరక్క సెక్రటరీ చీవాట్లు పెడుతున్నాడు, మనిషి దొరికింది. అంతే.

నెల్లూరు సభల్లో ఒక పద్ధతి ఉంది. పాట నచ్చకపోతే అక్కడ కేకలు వేయరు, రాళ్ళు వేయరు. అందరూ పెద్దమనుషులు. ఒకరు మొదలు పెడితే తక్కినవాళ్ళు అందుకుని, తాళం తప్పకుండా చప్పట్లు కొడతారు. దిగమని దానికి అర్థం. పాడేవాళ్ళకు అది తెలుసు. ఎంతటివాడైనా సగంలో నమస్కారం పెట్టి, మొహం వేలాడేసుకుని దిగిపోతాడు. సభలకు పోయే ఊరివాళ్ళలో కూడా ఇది గమనించిన వాళ్ళు లేరు. ఆనందబాబు వాళ్ళను పంపేది మంచి పాటకే గదా, అక్కడ ఎవరినీ దించే పని పడేది కాదు.

శనివారం సాయంత్రం మిల్లు దొడ్లో తాటాకు పందిరి, ట్యూబులైట్లు. మగవాళ్ళకు బెంచీలు, ఆడవాళ్ళకు పక్కన చాపలు. కరుణాకుమారి తల్లి పెళ్ళి చీర కట్టుకుని మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. తుంగలో తుంగలో అని ఎత్తుకుంది.

బెంచీల మీద వాళ్ళు నాగస్వరానికి వచ్చినవాళ్ళు. తంబురా లేదు, మృదంగం లేదు, 'ఉండాది' అంటూ ఒక ఉప్పుమళ్ళ పిల్ల. మొదటి చరణం దాటక ముందే ఒక మూల నుంచి చప్పట్లు మొదలయినాయి. తరువాత ఇంకో మూల. కాసేపటికి పందిరంతా ఒకటే తాళం.

ఆ పిల్ల మొహం విప్పారింది. కళ్ళు తెరవకుండానే నవ్వింది. గొంతు ఇంకో మెట్టు పైకెత్తింది.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకా గట్టిగా కొట్టారు. ఆమె ఇంకా గట్టిగా పాడింది. వాళ్ళు ఆపితే గానీ ఆమె ఆపదు, ఆమె ఆపితే గానీ వాళ్ళు ఆపరు. అప్పుడు ఎవరికో సంగతి అర్థమయి నవ్వడం మొదలు పెట్టాడు. నవ్వు బెంచీ బెంచీకి పాకింది. ఆడవాళ్ళ చాప మీద ముందు వరసలో కూర్చున్న ఎస్తేరమ్మ, నెల్లూరోళ్ళు ఇంత మంచివాళ్ళా అనుకుంటూ, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

వేదిక పక్కన యాంప్లిఫయరు ముందు కూర్చున్న ఆనందబాబు చేయి మీట మీద ఉంది. కిందికి తిప్పితే మైకు ఆగిపోతుంది. మరదలు పరువు దక్కుతుంది. అతను కాసేపు చూశాడు. బెంచీల మీద పడీ పడీ నవ్వుతున్న జనాన్ని చూశాడు. మీట తిప్పాడు, పైకి.

నాగస్వరం వాళ్ళు వచ్చేదాకా ఆ ఆట సాగింది.

ఆదివారం ఈతదిబ్బలో పండగే. "ఒకటే చప్పట్లబ్బా, నా చేతులు ఇంకా మండుతా ఉండాయి" అని ఎస్తేరమ్మ ఇంటింటికీ చెప్పింది. ఆనందబాబు స్తంభానికి ఆనుకుని, ఎప్పటిలాగే వారం సంగతులు చెప్పి, చివరన గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే శనివారం వయొలిను. విద్వాంసుడు మంచోడు. కానీ జనం అడగతా ఉండేది ఆయన్ను కాదు. నిన్న పాడిన పిల్ల మళ్ళీ వస్తాదా అని సెక్రటరీకి ఊపిరాడనీయడం లేదు. ఏమ్మే, వస్తావా?"

"వస్తా బావా" అంది కరుణాకుమారి. నలుగురి ముందు నోరు విప్పి. వసారాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

ఆ వారం ఆమె నడక మారింది. ఉప్పు గంప నెత్తిన పెట్టుకుంటే తల దానంతటదే నిలబడేది. మళ్ళలో పక్క మనిషి జోకు వేస్తే బదులు చెప్పింది. బస్సులో కండక్టరు ఏ ఊరమ్మా అంటే తల్లి వంక చూడకుండా, "ఈతదిబ్బ. సంతపేట సభలో పాడేదానికి పోతా ఉండా" అంది. రెండో శనివారం పాడింది. మిల్లు దొడ్డి ముందుగానే నిండి ఉంది. ఆలస్యంగా వచ్చే పెద్దమనుషులు కూడా ఆ రోజు పొద్దుండగానే వచ్చి కూర్చున్నారు. చప్పట్లు పల్లవికే అందుకున్నారు. నాయనమ్మ పాటలో చరణాలు చాలక, ఆమె అక్కడికక్కడ కొత్త చరణాలు కట్టుకుని పాడింది. బుట్ట కాలవ దాటి సముద్రం దాకా పోయింది.

మూడో శనివారం బస్సు తొందరగా వచ్చింది. మిల్లు పక్కన సోడా అంగడి. ఎస్తేరమ్మ చెప్పులో ముల్లు తీసుకుంటూ వేపచెట్టు కింద ఆగిపోయింది. కరుణాకుమారి సోడా అడగడానికి తానే ముందుకు పోయింది. నెల కిందటయితే పోయేది కాదు.

అంగడి ముందు బల్ల మీద ఆనందబాబు ఆమెకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. చుట్టూ టౌను వాళ్ళు. చర్చి వసారాలో కూర్చున్నట్టే ఉన్నాడు, అదే గొంతు.

"బుధవారం స్టోన్‌హౌస్‌పేటలో భజన, దానికి పోబాకండి, గంజిలో ఉప్పు లేనట్టుంటాది. ఈ పూట వీణ. వీణకు ఎప్పుడొచ్చినా పరవాలేదు. ముందు పాటకు మాత్రం ఉండి తీరాల. దిబ్బ పిల్ల పాడతాది."

"ఏం పిల్లరా అది?" ఒకడు అడిగాడు.

"చెప్తే నమ్మవు, కళ్ళారా చూడాల. మనం దిగమని కొడతామా, అది పాడమని కొట్టినామనుకుంటాది! కొట్టే కొద్దీ ఎక్కువయితాది. ముందర దాని తల్లి ఒకతె కూర్చోనుంటాది, అది కూడా మనతో కలిసి కొడతాది. పోయిన వారం నా పక్కనున్నాయన నవ్వలేక బెంచీ మీద నుంచి పడినాడు."

"నీకు తెలిసినోళ్ళా?"

"నాకెందుకు తెలుస్తారబ్బా? ఎవురో ఉప్పుమళ్ళోళ్ళు."

సోడా గోళీ లోపలికి పడిన చప్పుడు. అందరూ నవ్వారు. కరుణాకుమారి వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

"సోడా ఏదిమే?" అంది తల్లి.

"లేవంట."

"గొంతు ఎండుతాదేమో. సరేలే, పద, ఆలీసమయితాది. పాపం జనం కాచుకోనుంటారు."

తిరిగి పోదామని అనాలనుకుంది. ఎందుకని తల్లి అడుగుతుంది. ఎందుకో చెబితే, పోయిన రెండు శనివారాలు తాను కొట్టిన చప్పట్లు తల్లికి గుర్తొస్తాయి. ఆ మాట చెప్పే నోరు కరుణాకుమారికి లేదు. నడిచింది.

పేరు పిలిచారు. వేదిక ఎక్కింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. బెంచీల మీద మొహాలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. నవ్వు పళ్ళ వెనక పట్టుకుని, అరచేతులు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్న మొహాలు. యాంప్లిఫయరు ముందు బావ బొటనవేలు పైకెత్తి, 'ఊఁ, కానీ' అన్నట్టు చూపించాడు. ముందు వరసలో తల్లి కొంగుతో మొహం తుడుచుకుని సర్దుకుని కూర్చుంది.

తుంగలో తుంగలో బుట్ట పోతా ఉండాది.

చప్పట్లు మొదలయినాయి. రెండోసారి తుంగలో అన్న దగ్గరే ఆమె ఆగిపోయింది. చేతులు జోడించి నమస్కారం పెట్టింది. మెట్లు దిగింది. ఆ పందిట్లో చప్పట్లు ఆమె మీద మొదటిసారి పని చేశాయి.

"ఏందబ్బా, అప్పుడేనా?" అని వెనక బెంచీ వాడెవడో నొచ్చుకున్నాడు.

"దిష్టి" అంది ఎస్తేరమ్మ బస్సులో. "అంతమంది కళ్ళు పడినాయి. ఇంటికి పోయినాక ఉప్పూ మిరపకాయలూ తిప్పేస్తా."

మరునాడు ఆదివారం. చర్చి నిండా జనం. అయ్యగారు తల ఊపారు. కరుణాకుమారి లేచి నిలబడి, కీర్తన ఎత్తింది. ఒక్క చరణం బాగానే వచ్చింది. అప్పుడు ఈతదిబ్బ చేతులు ఊరుకోలేదు. ముసలీ ముతకా, పుట్టినప్పటి నుంచి ఆమెను ఎత్తుకు తిరిగినవాళ్ళు, ప్రేమగా చప్పట్లు అందుకున్నారు.

ఆమె నోరు మూతపడింది.

జనం కొడుతూనే ఉన్నారు, ఊపిరి తీసుకుంటున్నదేమోనని. ఆమె మెల్లగా కూర్చుంది. పాట తెగిపోకూడదు గదా. పక్కనే కూర్చున్న ఎలిశబెతు, పెద్దబడికి పోయే ఈడు పిల్ల, కరుణక్క వెంట నీడలా తిరిగే పిల్ల, భయపడుతూనే లేచి మిగతా చరణాలు అందుకుంది. గొంతు అంత పెద్దది కాదు, శుద్ధమైనది. జనం చప్పట్లు ఆపాల్సిన పని పడలేదు.

తరువాతి ఆదివారం అయ్యగారు మళ్ళీ కరుణాకుమారి వంక చూశారు. ఆమె నేల వంక చూసింది. ఆ తరువాత ఎలిశబెతు వంకే చూడసాగారు. వానాకాలం వచ్చి పోయింది. క్రిస్మసు నాటికి ఈతదిబ్బలో పాట ఎత్తేది ఎలిశబెతు. రెబెక్కమ్మ పాట కూడా ఆ పిల్లదే అయింది. కాలవ తల్లీ అన్నచోట రాగం ఒక్కరవ్వ మార్చి పాడేది. ఆ మార్పే బాగుందన్నారు జనం. ఎస్తేరమ్మ కూడా అంది. మొదట్లో కూతురి వంక చూస్తూ చప్పట్లు కొట్టేది, తరువాత చూడకుండానే కొట్టేది. కరుణాకుమారి వెనక వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మాట ఎప్పుడూ లేదు, ఇప్పుడు పాట కూడా లేదు. ఉప్పుమళ్ళలో ఆమెను పిలవాలంటే భుజం తట్టాల్సి వచ్చేది.

మళ్ళీ వేసవి వచ్చింది. ఆనందబాబు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. "మూలాపేటలో నాటకం, పోవద్దు. సంతపేటలో శనివారం వేణువు, వదలొద్దు. ముందు పాటకు పిల్లెవరన్నా ఉండారా అని సెక్రటరీ అడగతా ఉండాడు." అతని కళ్ళు వసారా అంతా తిరిగి ఎలిశబెతు దగ్గర ఆగినాయి. "ఏం పాపా?"

ఆ సాయంత్రం ఎలిశబెతు కరుణాకుమారి ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆమె గుమ్మంలో కూర్చుని రొయ్యలు వలుస్తోంది.

"అక్కా, నువ్వు పాడినావు గదా ఆడ. నాకు భయమేస్తా ఉండాది. జనం ఏం చేస్తారక్కా?"

కరుణాకుమారి రొయ్య తల తుంచింది.

"చప్పట్లు కొడతారు."

"మన చర్చిలో మాదిరేనా?"

"మన చర్చి కంటే ఎక్కువ."

"మరి నువ్వెందుకు మానేసినావు?"

"గొంతు పోయింది." ఇంకో తల తుంచింది. ఆ పిల్ల మొహంలోకి చూసింది. చెప్పాల్సిన మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎలిశబెతు అప్పటికే పాట పెదాల మీద ఆడించుకుంటోంది, కాలవ తల్లీ అన్నచోట తన రాగమే వేసుకుంటూ. కరుణాకుమారి ఆ మాట మింగేసింది. "నాయనమ్మ చెప్పింది తెలుసు గదా. వాళ్ళు ఆపినాకే నువ్వు ఆపాల."

శనివారం ఊరు ఊరంతా రెండు బండ్లు కట్టుకుని బయలుదేరింది. "నేనూ వస్తా" అని కరుణాకుమారి తనంతట తానే బండెక్కితే ఎస్తేరమ్మ సంతోషపడింది.

అదే పందిరి, అవే ట్యూబులైట్లు. యాంప్లిఫయరు ముందు ఆనందబాబు. కిందటేడు సంగతి జనం మరిచిపోయారు. ఎలిశబెతు మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. చిన్న గొంతు, శుద్ధమైన గొంతు. బెంచీల మీద ఎవరూ కదలలేదు. ముందు వరసలో జరీ కండువా పెద్దాయన ఒకాయన విసనకర్ర ఆపి తల ఊపాడు. పక్కాయనతో ఏదో మెచ్చుకోలుగా అన్నాడు. మొదటి చరణం అయింది. పందిరి నిశ్శబ్దంగా ఉంది. రెండో చరణం మొదలయింది. ఒక్క చేయి లేవలేదు. పెద్దమనుషులు కదలకుండా వింటుంటే ఈతదిబ్బ వాళ్ళు కూడా జంకి చేతులు కట్టుకుని కూర్చున్నారు. చెంచురామయ్య కుర్చీలో ముందుకు వంగి, చెవి ఒగ్గి వింటున్నాడు.

బుట్ట తుంగలోంచి బయటపడింది. మెల్లగా పోవే కాలవ తల్లీ.

ఆడవాళ్ళ చాప మీద చివరన కూర్చున్న కరుణాకుమారి ఒళ్ళోంచి చేతులు తీసింది. తాళం తప్పకుండా కొట్టింది, ఒక్కతే. అది విని ఎస్తేరమ్మ సంబరంగా అందుకుంది. ఈతదిబ్బ ఆడవాళ్ళంతా అందుకున్నారు. వెనక బెంచీ మగవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఎవరో మొదలు పెట్టారు, ఇక కలవాలి గదా అన్నట్టు వాళ్ళూ మొదలు పెట్టారు. జరీ కండువా పెద్దాయన అటూ ఇటూ చూసి విసనకర్ర మళ్ళీ తీసుకున్నాడు.

మైకు ముందు ఎలిశబెతు మొహం విప్పారింది. గొంతు ఇంకో మెట్టు పైకెత్తింది.